నాన్న పల్స్ 54... నేను చేసిన తప్పు

పోయినేడు నాన్న పుట్టినరోజుకి స్మార్ట్ వాచ్ కొనిచ్చాను. ముప్పై ఏళ్లు ఆర్టీసీ బస్సు నడిపిన చెయ్యి. ఆ చేతికి వాచ్ పెట్టుకుని, మార్కాపురంలో మా ఇంటి అరుగు మీద కూర్చుని, వచ్చేపోయే వాళ్లందరికీ చూపించేవాడు. "మా చిన్ని కొనింది. గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటోందో చెప్పేస్తది" అని ఒకటే సంబరం.

అప్పటికి నాన్నకి హార్ట్ ఫెయిల్యూర్ అని తెలిసి ఏడాదైంది. ఈ పేరు వినగానే గుండె ఆగిపోయిందేమో అని భయపడతాం. అలా కాదు. గుండె పనిచేస్తూనే ఉంటుంది, కానీ ఒంటికి కావాల్సినంత రక్తాన్ని పంప్ చేయలేకపోతుంది. నాన్నకి ఎకో తీసినప్పుడు ఎజెక్షన్ ఫ్రాక్షన్ 30 శాతం అన్నారు. అంటే గుండె ఎడమ కింది గదిలో నిండిన రక్తంలో, కొట్టుకున్న ప్రతిసారీ 30 శాతమే బయటికి వెళ్తోంది. ఆరోగ్యంగా ఉన్న గుండెలో సగానికి పైనే వెళ్తుంది.

ఒక రాత్రి ఫోన్ చేశాడు. ఆ రోజు మాకు రిలీజ్. నేను హైదరాబాద్‌లో, లాప్‌టాప్ ముందు ఉన్నాను.

"చిన్నీ, వాచ్‌లో 54 చూపిస్తోందే. ఒళ్లంతా నీరసంగా ఉంది."

మందుల చీటీ ఫొటో నా ఫోన్‌లోనే ఉంది. ఒక్కో పేరూ వెతికాను. మెటోప్రొలాల్ దగ్గర ఆగాను. గుండె వేగాన్ని తగ్గించే మందు అని ఉంది. నా ఇంజినీరింగ్ బుర్ర రెండు నిమిషాల్లో లెక్క తేల్చేసింది. గుండె ఇప్పటికే వీక్, దాన్ని ఇంకా స్లో చేసే బిళ్ల ఎందుకు?

"ఆ బిళ్ల ఓ నాలుగు రోజులు ఆపెయ్ నాన్నా. నీరసం తగ్గుతుందేమో చూద్దాం" అన్నాను. డాక్టర్‌కి ఫోన్ చెయ్యమని అనలేదు. నేనూ చెయ్యలేదు. నాన్న మారుమాట లేకుండా ఆపేశాడు. కూతురు చదువుకుంది, దానికి తెలుసు అని నమ్మకం.

పనిలో పడి నేను మర్చిపోయాను. నాలుగు రోజులు కాస్తా పదకొండు రోజులయ్యాయి. పన్నెండో రోజు తెల్లవారుజామున అమ్మ ఫోన్. "పడుకుంటే ఊపిరాడట్లేదంటే. రాత్రంతా కూర్చునే ఉన్నాడు. పాదాలు ఉబ్బి చెప్పులు పట్టట్లేదు."

నేను ఒంగోల్లో బస్సు దిగేసరికి నాన్న ఐసీయూలో ఉన్నాడు. నర్సు వాచ్ తీసి నా చేతిలో పెట్టింది. అందులో చివరి రీడింగ్ 128.

మందు ఆపించింది నేనేనని డాక్టర్ మేడమ్‌తో చెప్పాను. తిట్టలేదు. "గుండె దానంతట అది స్లో కాలేదమ్మా, మేమే స్లో చేశాం" అని, ఒక కాగితం తీసుకుని రెండు కిడ్నీలు గీసింది. వాటి మీద రెండు చిన్న టోపీలు పెట్టింది. అవే అడ్రినల్ గ్రంథులు. ఒక్కోటి నాలుగైదు గ్రాముల బరువు, అంతే.

రక్తప్రవాహం తగ్గిందని ఒంటికి తెలుస్తుంది కానీ, ఎందుకు తగ్గిందో తెలియదు. మనిషి అడవుల్లో తిరిగిన కాలం నుంచీ రక్తప్రవాహం తగ్గిందంటే గాయమై రక్తం పోయిందనో, ఒంట్లో నీళ్లు అయిపోయాయనో అర్థం. అందుకే గుండె బలహీనపడినా ఒళ్లు అదే ఎమర్జెన్సీ మొదలుపెడుతుంది.

అడ్రినల్ గ్రంథి లోపలి భాగం నుంచి అడ్రినలిన్, నరాల చివర్ల నుంచి నార్అడ్రినలిన్ వస్తాయి. గుండెని వేగంగా కొట్టుకోమంటాయి, రక్తనాళాల్ని బిగిస్తాయి. ఇంకోపక్క కిడ్నీలు రెనిన్ విడుదల చేస్తాయి. దాంతో మొదలైన గొలుసు చివరికి అడ్రినల్ పైపొర దాకా వెళ్లి, అక్కడ ఆల్డోస్టెరాన్ తయారవుతుంది. అది ఉప్పునీ నీటినీ ఒంట్లోనే పట్టి ఉంచుతుంది. గాయమైన మనిషికి ఇదంతా ప్రాణం పోసే ఏర్పాటు. కొన్ని గంటలో, రోజులో అయితే మంచిదే. నెలల తరబడి సాగితే అసలే అలిసిన గుండె మీద బిగుసుకున్న నాళాలు, పెరిగిన నీరు, తగ్గని వేగం. గుండె ఇంకా దెబ్బతింటుంది. అది చూసి ఒళ్లు ఇంకా ఎక్కువ హార్మోన్లు పంపిస్తుంది.

వింటుంటే మా ఆఫీసే గుర్తొచ్చింది. సర్వర్ కాస్త నెమ్మదిస్తే యాప్‌లన్నీ జవాబు రాలేదని అదే రిక్వెస్ట్ మళ్లీ మళ్లీ పంపిస్తాయి. ఆ లోడ్‌కి సర్వర్ పూర్తిగా పడిపోతుంది. అప్పుడు మేం చేసే మొదటి పని ఆ రిక్వెస్టులకి అడ్డుకట్ట వెయ్యడం. నాన్న బిళ్ల చేస్తున్న పనీ అదే. అడ్రినలిన్ కేకలు గుండెకి వినపడకుండా చేస్తోంది. దాన్ని ఉన్నపళంగా ఆపేస్తే ఆ కేకలన్నీ ఒక్కసారిగా గుండె మీద పడతాయి.

అడ్రినల్ గ్రంథికి తనకంటూ ఒక బ్రేక్ ఉంటుందట. హార్మోన్ ఎక్కువైతే తనే తగ్గించుకుంటుంది. హార్ట్ ఫెయిల్యూర్‌లో ఆ బ్రేక్ కూడా పట్టు తప్పుతుందని 2007లో జంతువుల మీద చేసిన పరిశోధనలో తేలింది. జీఆర్‌కే2 అనే ఎంజైమ్ పెరిగి ఆ బ్రేక్‌ని పనిచేయనివ్వదు.

తర్వాత చదివితే తెలిసింది, ఒకప్పుడు డాక్టర్ల లెక్క కూడా నా లెక్కేనని. వీక్ గుండెకి ఇలాంటి బీటా బ్లాకర్ మందులు ప్రమాదమని చాలాకాలం నమ్మారు. 1975లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో ఫిన్ వాగ్‌స్టీన్ బృందం ఏడుగురు పేషెంట్లకి ఇచ్చి చూసి, మెరుగుపడ్డారని రాస్తే చాలామంది నమ్మలేదు. మరోవైపు గుండెని గట్టిగా కొట్టుకునేలా చేసే మిల్రినోన్ బిళ్లలు రోజూ వాడిస్తే మరణాలు పెరిగాయని 1991లో తేలింది. 1999లో వేలమంది మీద చేసిన పెద్ద ట్రయల్స్‌లో బీటా బ్లాకర్లు మరణాల్ని దాదాపు మూడో వంతు తగ్గించాయి. ఆల్డోస్టెరాన్‌ని అడ్డుకునే స్పైరనోలాక్టోన్ కూడా, జబ్బు ముదిరిన వాళ్లలో 30 శాతం తగ్గించిందని అదే ఏడాది బయటపడింది. వాళ్లు పాతికేళ్లు పరీక్షించి మార్చుకున్న లెక్కని నేను రెండు నిమిషాల్లో తిరగేశాను.

నాన్న వార్డులోకి వచ్చాక చెప్పాను, తప్పు నాదేనని. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత నవ్వాడు. "శ్రీశైలం ఘాట్‌లో బ్రేకులు పీకేసి బస్సు దించావు కదే" అన్నాడు. నేను ఏడ్చాను.

నీరు తగ్గాక ఆ బిళ్లని మళ్లీ తక్కువ డోసులో మొదలుపెట్టి, మెల్లగా పెంచారు. "54 చూసి భయపడటం తప్పు కాదు. నీరసం కూడా నిజమే, డోసు మార్చాల్సి రావచ్చు. కానీ ముందు మాకు ఫోన్ చెయ్యి" అంది మేడమ్. ఆ నంబర్ ఇప్పుడు ఇంట్లో ముగ్గురి ఫోన్లలోనూ ఉంది.

ఆవకాయ జాడీ అటక ఎక్కింది. ఆల్డోస్టెరాన్ ఉప్పుని ఎలా పట్టి ఉంచుతుందో చెప్తే, అమ్మకి అది పాలవాడి బాకీ లెక్కలా చక్కగా అర్థమైంది. నాన్నకి మాత్రం ఇంకా కోపమే. రోజూ పొద్దున్నే, బాత్రూంకి వెళ్లొచ్చాక, టిఫిన్‌కి ముందు బరువు చూసుకుంటాడు. ఒక్క రోజులో కిలోకి మించి, లేదా వారంలో రెండు కిలోలకి మించి పెరిగితే అది కొవ్వు కాదు, నీరు. వెంటనే ఫోన్ చెయ్యాలి.

ఆ ఫొటో రోజూ ఆరున్నరకల్లా నా వాట్సాప్‌కి వస్తుంది. ఇవాళ 64.2. కింద ఒక మెసేజ్: "బిళ్ల వేసుకున్నా. ఆపమంటావా?"

ఆ వెటకారం జీవితాంతం పడాల్సిందే. పడతాను.