ఏ పెట్టె కొనాలి?

2006 దసరా ముందు ఖరగ్‌పూర్ మథురాకాటి రైల్వే క్వార్టర్స్‌లోని ఓ తెలుగింట్లో పదిహేను రోజులు ఒకటే వాదన. తాత శ్రీకాకుళం నుంచి బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేలో పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. తండ్రి వర్క్‌షాప్‌లో ఫిట్టర్. ఆయన బోనస్‌లో కొంత, హౌరా లోకల్‌లో రోజూ ఉద్యోగానికి వెళ్లొచ్చే పెద్ద కొడుకు జీతంలో కొంత కలిపితే ఓ గేమ్ కన్సోల్ వస్తుంది. ఏది?

అన్నది ప్లేస్టేషన్ 2 పక్షం. 2000లో వచ్చిన పాత సరుకే. కానీ ఆటలు తయారుచేసే బయటి కంపెనీలన్నీ దాని వెంటే ఉన్నాయి. ‘‘పెట్టె చేసినోడు ఒక్కడే ఎన్ని ఆటలు చేస్తాడ్రా?’’ అంటూ సెగా కథ ఎత్తుకునేవాడు. ఆ కంపెనీ 1999లో అమెరికాలో విడుదల చేసిన డ్రీమ్‌కాస్ట్‌కు మోడెమ్ పెట్టెతోనే వచ్చింది. అయితేనేం? ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ లాంటి పెద్ద సంస్థ దానికి ఒక్క ఆటా ఇవ్వలేదు. ప్లేస్టేషన్ 2 ధాటికి 2001 మార్చికల్లా సెగా తయారీయే ఆపేసింది.

తమ్ముడికి ఎక్స్‌బాక్స్ 360 కావాలి. అది ఆ సెప్టెంబరులోనే భారత్‌కు వచ్చింది. ‘‘2004లో వచ్చిన హేలో 2ని జనం ఎవరింట్లో వాళ్లు కూచునే కలిసి ఆడుతున్నారన్నయ్యా!’’ ఆ మాటకు బలం లేకపోలేదు. కానీ అప్పట్లో బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండ్ వేగం 256 కేబీపీఎస్. వానొస్తే ఫోన్లో గరగర. పైగా ఆన్‌లైన్లో కలిసి ఆడాలంటే గోల్డ్ సభ్యత్వానికి విడిగా డబ్బు కట్టాలి. లెక్క ప్రకారం అన్నదే పైచేయి.

తమ్ముడు బయటికి అనని మాట ఒకటుంది. జనవరిలో అన్నయ్య హైదరాబాద్ వెళ్లిపోతున్నాడు. తల్లే ఓ రాత్రి అన్నం వడ్డిస్తూ అడిగింది: ‘‘నువ్వెళ్లాక రెండో రిమోట్ ఎవడు పట్టుకుంటాడురా?’’

పెద్దవాడు జవాబు చెప్పలేదు. మర్నాడు ప్లేస్టేషన్ 2నే కొన్నారు. రెండో రిమోట్ జనవరి నుంచి అల్మారా మీదికి చేరింది.

2009లో ఈస్ట్‌కోస్ట్ ఎక్స్‌ప్రెస్‌లో వస్తున్న బంధువు చేతికి అన్న రెండు డిస్కులిచ్చి పంపాడు. ఒకటి హనుమాన్: బాయ్ వారియర్, రెండోది దేశీ అడ్డా. ప్లేస్టేషన్ 2 కోసం హైదరాబాద్ కంపెనీలు అరోనా, గేమ్‌శాస్త్ర తయారుచేసిన ఆటలు. బయటి కంపెనీల అండ గురించి తాను చెప్పింది నిజమేనని ఫోన్లో మురిసిపోయాడు. దేశీ అడ్డాలో కబడ్డీ, కర్రాబిళ్ళ ఉన్నాయి. తమ్ముడు ఒంటరిగానే కబడ్డీ ఆడాడు.

15 కోట్లకు పైగా అమ్ముడైన ఆ పెట్టె తయారీ 2013 జనవరిలో ఆగిపోయింది. తండ్రి రిటైరయ్యాక క్వార్టర్ కూడా ఖాళీ చేశారు. ఇప్పుడు ఇంటికి ఫైబర్ లైనుంది. ఆదివారం రాత్రుళ్లు హైదరాబాద్ నుంచి అన్నయ్య ఆన్‌లైన్లోకి వస్తాడు. అరగంట కాగానే నిద్రొస్తోందంటూ కంట్రోలర్ కొడుక్కిచ్చేస్తాడు. వాడి చేతిలో బాబాయ్‌కి ఓటమి తప్పడం లేదు.