అన్నం పెట్టవా అమ్మాయ్?

మా అత్తయ్య రోజుకి కనీసం ఆరేడుసార్లు అడిగే ప్రశ్న ఇది. ఎనిమిదింటికి రెండు ఇడ్లీలు తింటుంది. ప్లేటు కడిగి బోర్లించి వచ్చేసరికి మంచం మీద కూర్చుని, "పొద్దుట్నుంచీ మంచినీళ్లు కూడా ఇవ్వలేదు" అంటుంది. ఆవిడకి ఎనభై ఐదేళ్లు. మతిమరుపు జబ్బు. తిన్న సంగతి ఆవిడకి గుర్తుండదని, అబద్ధం చెప్తోందని అనుకోవద్దని డాక్టరు గారు ముందే చెప్పారు.

విన్నప్పుడు బాగానే అర్థమైంది. కానీ వరండాలో కూర్చుని, పాలు పోయించుకోవడానికి వచ్చినవాళ్లందరితో "మా కోడలు నాకు తిండి పెట్టదమ్మా" అంటుంటే, లోపల గరిటె పట్టుకుని నిలబడ్డ మనిషికి ఎలా ఉంటుందో మీలో కొందరికి తెలిసే ఉంటుంది.

బయటివాళ్లన్నది పట్టించుకోలేదు. హైదరాబాదులో ఉన్న మా తోటికోడలు అన్నది మాత్రం గుచ్చుకుంది. ఒకరోజు అత్తయ్యతో ఫోన్లో మాట్లాడి, తర్వాత నాతో, "ఏంటమ్మా, వేళకి పెట్టడం లేదంటగా?" అంది. నాకు ఒళ్లు మండిపోయింది. "అంత ప్రేముంటే తీసుకెళ్లి నువ్వే పెట్టుకో అక్కా" అన్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. ఇరవై ఏళ్ల కిందటి ఆడపడుచు పెళ్లి ఖర్చుల లెక్క కూడా తీశాను. ఆవిడ ఫోన్ పెట్టేసింది. ఎనిమిది నెలలు మా మధ్య మాటల్లేవు.

మేం కథోలికులం. ఆదివారం పూజలో గురువులు అప్పాన్ని, ద్రాక్షారసాన్ని ప్రతిష్ఠించాక, అది క్రీస్తు శరీర రక్తాలేనని మా విశ్వాసం. దాన్నే దివ్యసత్ప్రసాదం అంటాం. మా చర్చిలో మాకిచ్చే అప్పం పులియని గోధుమపిండితో చేసిన పల్చటి చిన్న బిళ్ల. నాలుక మీద పెట్టుకుంటే ఒక్క నిమిషంలో కరిగిపోతుంది. మా పెద్దాడు చిన్నప్పుడు "దీంతో ఆకలెలా తీరుతుందమ్మా?" అని అడిగాడు. అప్పుడేదో జవాబు చెప్పాను. ఆ ఎనిమిది నెలల్లో ఆ ప్రశ్న మళ్లీ నా దగ్గరికే వచ్చింది.

ఎందుకంటే, ఆ గొడవ తర్వాత నేను సత్ప్రసాదానికి వెళ్లడం మానేశాను. కానుక తెచ్చినప్పుడు నీ మీద సోదరుడికి ఏదైనా మనసులో ఉందని గుర్తొస్తే, ముందు వెళ్లి సమాధానపడి రమ్మని ప్రభువు చెప్పిన మాట చిన్నప్పటి నుంచీ విన్నదే. తప్పు నాదని ఒప్పుకోను. ఒప్పుకోకుండా లైన్లో నిలబడలేను. అందరూ లేచి వెళ్తుంటే మోకాళ్లు పక్కకి తిప్పి వాళ్లకి దారిచ్చేదాన్ని. మావారు వెళ్లి వచ్చి పక్కన మోకరించేవారు. ఏమీ అడిగేవారు కాదు. పెళ్లిలో అందరూ బంతికి లేస్తే మనం ఒక్కళ్లమే కుర్చీలో మిగిలిపోయినట్టు ఉండేది. ఇంటికొచ్చి ఎంత తిన్నా, ఏదో తినడం మర్చిపోయినట్టే ఉండేది.

నెలనెలా మొదటి శుక్రవారం ఫాదర్ గారు మంచం పట్టిన పెద్దవాళ్లకి ఇంటికే సత్ప్రసాదం తెస్తారు. చిన్న బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, సిలువ, కొవ్వొత్తులు, గ్లాసుతో నీళ్లు పెట్టి ఉంచుతాను. మా పేర్లు మర్చిపోయిన అత్తయ్య, ఫాదర్ గారు అప్పం చూపించి క్రీస్తు శరీరం అనగానే చక్కగా "ఆమెన్" అని నోరు తెరుస్తుంది. అది మాత్రం మర్చిపోలేదు.

ఒక శుక్రవారం ఫాదర్ గారు నావైపు తిరిగి, "నువ్వు కూడా తీసుకుంటావా అమ్మా?" అన్నారు. నేను తయారుగా ఉంచుకున్న సాకు చెప్పాను. "ఇప్పుడే టీ తాగాను ఫాదర్."

సత్ప్రసాదానికి ముందు ఉపవాసం ఉండాలి. అత్తయ్య చిన్నప్పుడు అర్ధరాత్రి నుంచి మంచినీళ్లు కూడా ముట్టేవాళ్లు కాదట. 1964 నుంచి అది ఒక గంటే అయింది. ఫాదర్ గారు నవ్వి, "ఆ గంట నియమం రోగులకి లేదు. రోగికి సేవ చేసేవాళ్లకీ లేదమ్మా. 1983 నాటి శ్రీసభ చట్టంలోనే ఉంది" అన్నారు.

నాకు మాట రాలేదు. ఎక్కడో రోములో కూర్చుని చట్టం రాసినవాళ్లకి, మంచం పక్కన నిలబడి నిలబడి గుక్కెడు టీ తాగే మనిషి కూడా గుర్తొచ్చిందా అనిపించింది. ఇంట్లో అందరికీ వడ్డించి, చివర్లో గిన్నె గీరుకుని తినేవాళ్లం మనం. మనకెవరైనా పెడతారని మనం అనుకోం. "ఇప్పుడొద్దు ఫాదర్, నేను ముందు చేయాల్సిన పని ఒకటుంది" అన్నాను. ఆయన తలూపి వెళ్లిపోయారు.

ఆ రాత్రి కొరింథీయులకు పౌలు గారు రాసిన మొదటి లేఖ తీశాను. ఈ విందు గురించి సువార్తల కంటే ముందే రాసిన లేఖ అది. ఆయన ఆ మాట ఎత్తింది ఎందుకో తెలుసా? అన్నం దగ్గర తగువు వల్ల. అక్కడి విశ్వాసులు కూడినప్పుడు కొందరు ముందే తినేస్తుంటే, లేనివాళ్లు ఆకలితో మిగిలిపోతున్నారు. అది ప్రభువు విందు కానే కాదని ఆయన గట్టిగా మందలించారు. అంటే ఈ అప్పం దేవుడికీ నాకూ మధ్య రహస్యం కాదు. బంతిలో పక్కవాళ్లని లేపేసి నేనొక్కదాన్నే తినేది కాదు.

పుస్తకం మూసేసరికి పక్క గదిలోంచి, "అన్నం పెట్టవా అమ్మాయ్?" అని వినిపించింది. పదకొండయింది. మామూలుగా అయితే "ఇందాకే తిన్నావుగా అత్తయ్యా" అనేదాన్ని. ఆ రోజు రెండు ముద్దల పెరుగన్నం కలిపి తీసుకెళ్లాను. ఒక ముద్ద తిని, నా చెయ్యి పట్టుకుని, "నువ్వు తిన్నావా?" అంది. ఆవిడ అడుగుతున్నది అన్నం ఒక్కటే కాదేమోనని అప్పుడు తట్టింది. ముద్ద పట్టుకుని పక్కన కూర్చునే మనిషిని అడుగుతోంది.

మర్నాడు ఫోన్ చేశాను. "ఆ రోజు నేనన్నది తప్పక్కా. ఆ పాత లెక్కలు తీయకుండా ఉండాల్సింది." అటునుంచి చాలాసేపు మాట లేదు. తర్వాత, "నేను కూడా నిన్ను అడక్కుండా అనేశాను" అంది. అంతే. ఏడుపులు, కౌగిలింతలు ఏమీ లేవు. రెండు వారాల తర్వాత వచ్చి నాలుగు రోజులుంది. రెండో రోజు మధ్యాహ్నం తను అన్నం తినిపించి చెయ్యి కడుక్కొచ్చేలోపు అత్తయ్య, "ఈవిడెవరో గానీ నాకు తిండి పెట్టడం లేదు" అంది. మేమిద్దరం ఒకళ్ల మొహం ఒకళ్లం చూసుకుని వంటింట్లోకెళ్లి పడీపడీ నవ్వాం. నవ్వుతూనే ఆవిడ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

శనివారం పాపసంకీర్తనం చేసుకుని, ఆదివారం ఇద్దరం ఒకే లైన్లో నిలబడ్డాం.

తెలుగు చదువుకున్నదాన్ని కదా, మాటల మీద పడుతుంటాను. ప్రసాదం అంటే అనుగ్రహం. జీతం కాదు, బహుమతి అంతకన్నా కాదు. మంచికోడలి మార్కులు వచ్చాక ఇచ్చేది కాదు. యూకరిస్ట్ అనే గ్రీకు మాటకి అర్థం కృతజ్ఞత. పెట్టే చేతులకి పుచ్చుకోవడం రావాలి, అదే నాకు కష్టమైంది. ఎనిమిది నెలల తర్వాత ఆ పల్చటి అప్పం నాలుక మీద కరుగుతుంటే, మా పెద్దాడి ప్రశ్నకి నా దగ్గర ఇప్పుడున్న జవాబు ఇదీ: ఆకలి తీరిపోదు నాన్నా, మళ్లీ ఆదివారానికి వేస్తుంది. కానీ ఆకలేసినప్పుడు వెళ్లడానికి ఒక బంతి ఉందని తెలుస్తుంది.

ఇది రాస్తుండగానే లోపల్నుంచి పిలుపొచ్చింది. ఇందాకే టిఫిన్ అయింది. అయినా సరే, వెళ్తున్నాను.