పాత చిరునామాకి పోయిన పెళ్ళి ఆర్డరు

మొన్నామధ్య మా బాబాయి స్వీట్ల కొట్టు సైటుని కొత్త హోస్టుకి మార్చాను. పొద్దున నేమ్‌సర్వర్లు మార్చా, సాయంత్రానికి కొత్త సైటు కనబడింది. "అయిపోయింది బాబాయ్" అనేశా.

రెండ్రోజులు ఒక్క ఆర్డరూ రాలేదు.

సంగతేంటంటే, డాట్ కామ్ నేమ్‌సర్వర్ల టీటీఎల్ 172800 సెకన్లు, అంటే రెండ్రోజులు. పాత వివరాలు దాచుకున్న డీఎన్ఎస్ సర్వర్లు అన్నాళ్ళూ పాత ఎమ్మెక్స్ రికార్డునే చూపిస్తాయి. పాత మెయిల్‌బాక్సేమో ఇంకా బతికే ఉంది. అందుకే ఏ మెయిలూ బౌన్స్ అవ్వలేదు, ఎవరికీ అనుమానమూ రాలేదు. తెరిచి చూస్తే పదకొండు మెయిళ్ళు. అందులో ఒకటి పెళ్ళి ఆర్డరు, జవాబు గడువు ముందురోజే దాటిపోయింది.

బాబాయి ఏమీ అనలేదు. తిట్టినా బాగుండేది.

ఇప్పుడైతే టీటీఎల్ ముందే 300కి తగ్గించి, పాత జోన్‌లో కూడా ఎమ్మెక్స్ కొత్త సర్వరుకి మార్చాకే నేమ్‌సర్వర్ల జోలికెళ్తున్నా. పాత మెయిల్‌బాక్స్ మాత్రం వారం దాకా మూయను. సైటు కనబడగానే పనైపోయిందనుకోకండి.