ముందు ఏ ఊరు?

26 ఏళ్ళు నేను కొన్నది ఒకటే టికెట్. వికారాబాద్ నుంచి తాండూరుకు నెలవారీ సీజన్ టికెట్. ధారూర్, రుక్మాపూర్ దాటి, నాపరాళ్ళ పాలిషింగ్ యూనిట్ల తెల్లటి దుమ్ము కనబడితే కాలేజీ వచ్చినట్టు. ఏ రైలుకు పోవాలో కాలేజీ గంట చెప్పేది, ఏ రైలుకు రావాలో ఇంట్లో పొయ్యి చెప్పేది. అందుకేనేమో, రిటైరయ్యాక తాండూరులో ట్రావెల్స్ నడిపే అబ్బాయి "ముందు ఏ ఊరికి పోతరు మేడం?" అని అడిగితే చప్పున జవాబు రాలేదు.

పోవలసినవి మూడు ఊళ్ళు. లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీ. 1867 నాటి పుస్తకాల రిజిస్ట్రేషన్ చట్టం పుణ్యమా అని మద్రాసు ప్రెసిడెన్సీలో అచ్చయిన తెలుగు పుస్తకాలు ఎన్నో ఓడలెక్కి అక్కడికి చేరాయి. వాటిలో మొదటితరం స్త్రీలు రాసినవి కళ్ళారా చూడాలని నా పాతికేళ్ళ కోరిక. (2023 అక్టోబరులో ఆ లైబ్రరీ మీద సైబర్ దాడి జరిగి సేవలు నెలల తరబడి దెబ్బతిన్నాయి. అందుకని ఏ పుస్తకాలు కావాలో ముందే రాసి, తేదీలు ఖాయం చేసుకున్నాను.) తర్వాత అమెరికాలో మాడిసన్. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో ఏటా అక్టోబరులో జరిగే దక్షిణాసియా సదస్సులో నా పత్రం ఉంది. మూడోది డాలస్. అక్కడ మా అమ్మాయి. ఆగస్టులో కానుపు.

అల్లుడు ముందే ఒక టికెట్ చూసి పంపాడు. జూలైలో హైదరాబాద్ నుంచి డాలస్, ఆరు నెలలకు తిరుగు ప్రయాణం. అన్నిటికన్నా చవక. లండనూ మాడిసనూ "వీలు చూసుకొని అక్కడినుంచి" వెళ్ళొచ్చట. ఆ వీలు చూసేది ఎవరు? పసిబిడ్డ ఉన్న ఇంట్లో వీలు దొరకడం ఏమిటో మనకు తెలియనిది కాదు.

ట్రావెల్స్ అబ్బాయి ఇంకో రెండు దారులు చూపించాడు. ఒకటి, ఏ ముక్కకు ఆ ముక్క విడిగా కొనడం. తేదీ మారితే ఆ ఒక్క ముక్కే మార్చుకోవచ్చు. కానీ ఖండాలు దాటే విమానాల్లో ఒకవైపు టికెట్ చాలాసార్లు రానుపోను ధరలో సగం కంటే బాగా ఎక్కువే ఉంటుంది. ఒకే రోజు విమానం మారేవాళ్ళకు ఇంకో ప్రమాదం: మొదటిది ఆలస్యమై రెండోది పోతే, విడి టికెట్ల మీద ఎవరూ బాధ్యత తీసుకోరు. నేను ప్రతిచోటా రోజుల తరబడి ఉంటాను కనక ఆ భయం నాకు లేదు. రెండోది, మల్టీసిటీ. హైదరాబాద్ నుంచి లండన్, లండన్ నుంచి షికాగో, చివర డాలస్ నుంచి హైదరాబాద్, అన్నీ ఒకే పి.ఎన్.ఆర్. కింద. షికాగో నుంచి మాడిసన్‌కు బస్సుంది. అక్కడినుంచి డాలస్‌కు అమెరికాలోనే ఒక చిన్న టికెట్ కొనుక్కోవాలి.

"ఒక్కటే ఇబ్బంది మేడం. నడుమ ఒక విమానం ఎక్కకుంటే ఎనుకటివన్నీ క్యాన్సిలయితయి. లండన్ ఒద్దనుకొని సీద డాలస్ పోత అంటే నడవది" అన్నాడు.

నాకు నచ్చింది సరిగ్గా ఆ ఇబ్బందే. "ఈసారికి లండన్ మానెయ్యరాదూ" అని ఎవరన్నా, పాపం ప్రేమగానే, అంటే "టికెట్ ఒప్పుకోదు" అని చెప్పొచ్చు. నా పని ఉంది అన్న మాటకు మా ఇంట్లో ఎన్నడూ అంత బలం లేదు.

డబ్బు నా పెన్షన్‌దే. ఓటీపీ మాత్రం మా ఆయన ఫోనుకు పోయింది. ఖాతా తెరిచినప్పుడు ఇచ్చిన నంబరు ఆయనది. "ఏదో నంబరొచ్చింది, చెప్పాల్నా?" అని ఫోన్ చేశాడు. వద్దన్నాను. తాండూరులోనే బ్యాంకు. నంబరు మార్పించుకుని, ఆ మార్పు అమల్లోకి వచ్చేసరికి వారం పట్టింది, టికెట్ నాలుగు వేలు పెరిగింది. ఆ నాలుగు వేలు ఏ ఖాతాలో రాసుకోవాలో ఇంకా తేల్చుకోలేదు.

అంతకంటే తేలనిది మరొకటి. ఈ దారిలో నేను కానుపుకు ఉండను. అమెరికాలో 1993 చట్టం ఇచ్చేది 12 వారాల సెలవు, అదీ జీతం లేకుండా. మన దగ్గర 2017 సవరణతో 26 వారాలయింది, అది దక్కే ఉద్యోగాల్లో. అక్కడి లోటు పూడుస్తున్నది ఆరేసి నెలలు వంతులవారీగా వెళ్ళే అమ్మమ్మలూ నాయనమ్మలే. నేను అక్టోబరు చివర చేరతాను, అమ్మాయి సెలవు అయిపోయే వేళకు. అప్పటిదాకా మా వియ్యపురాలు చూసుకుంటుంది. ఆమెకు మోకాళ్ళ నొప్పులు. నేను లైబ్రరీలో కూర్చునే ప్రతి రోజూ ఆమె పొయ్యి దగ్గర నిలబడే రోజే. ఆమెను ఎవరూ "ముందు ఏ ఊరు?" అని అడగలేదు. నేనూ అడగలేదు.

అమ్మాయికి నేనే చెప్పాను. "అందరి అమ్మలు వస్తున్నరు గదా" అంది. చాలాసేపు ఇద్దరం మాట్లాడలేదు. చివరికి "తాండూరు కందిపప్పన్నా తెస్తవా?" అని అడిగింది.

లండన్ గదికీ, మాడిసన్ బస్సుకీ ఆ మూట మోసుకుంటూ తిరగాలి. రెండు కిలోలు తెస్తానన్నాను. అయిదు తెమ్మంది.