గ్రహణం రోజున ఇటలీ రొట్టె

ఇటాలియన్ రొట్టె అనగానే పెద్ద హోటళ్ళ వ్యవహారం అనుకుంటారు చాలామంది. నిజానికి ఫొకాచా ఇంట్లో సులువుగా అయ్యే రొట్టె. ఇటలీలోని జెనోవా నగరం దీనికి పేరు పొందింది. అక్కడివాళ్ళు దీన్ని పొద్దున్నే కాఫీలో ముంచుకుని కూడా తింటారు.

నేను కామర్సు చదివి, డిఫెన్స్ అకౌంట్సులో పనిచేసి రిటైరైనవాణ్ణి. ఈ రొట్టెలో నాకు ముందు నచ్చింది లెక్కే. బేకరీవాళ్ళ లెక్కలో పిండి ఎప్పుడూ 100. మిగతావన్నీ దాని మీద శాతాలు. అర కిలో మైదాకి 350 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీళ్ళు, 10 గ్రాముల ఉప్పు, 7 గ్రాముల ఇన్‌స్టంట్ ఈస్ట్, రెండు చెంచాల ఆలివ్ నూనె. కలిపి మూతపెడితే మన వేడికి గంటలో రెట్టింపవుతుంది. నూనె రాసిన పళ్ళెంలో పరిచి, వేళ్ళతో గుంటలు నొక్కి, పైన ఇంకాస్త నూనె, కాస్త కల్లుప్పు వేసి, 220 డిగ్రీల వేడిలో 20-25 నిమిషాలు ఉంచితే చాలు.

ఇదంతా వంట నేర్పడానికి చెప్పడం లేదు. 2020 జూన్ 21 ఆదివారం సూర్యగ్రహణం. పురిటికని వచ్చిన మా అమ్మాయికి అప్పుడు ఏడో నెల. పొద్దున్నే మా వదినగారు నా భార్యకి ఫోన్ చేశారు. "పిల్లని గది దాటనివ్వకు. గ్రహణం విడిచేదాకా పచ్చిగంగ ముట్టనివ్వకు. కలిపిన పిండి కూడా ఇంట్లో ఉంచకు, విషమవుతుంది. మొర్రి పుడితే పూచీ ఎవరిది?"

నా భార్య భయపడిపోయింది. అమ్మాయి నా దగ్గరకొచ్చి, "నాన్నా, నాకు నమ్మకం లేదు. కానీ ఆకలేస్తోంది, అమ్మేమో ఏడుస్తోంది" అంది.

భయపడేవాళ్ళని వెక్కిరిస్తే భయం పోదు. అందుకని ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పాను. బిడ్డ పైపెదవి కలుసుకునేది గర్భం దాల్చిన తొలి రెండు నెలల్లోనే. ఏడో నెలలో ఏ నీడ పడినా, కలిసిన పెదవి మళ్ళీ చీలదు. "గ్రహణం మొర్రి" అని పేరు పెట్టుకున్నంత మాత్రాన కారణం గ్రహణం అయిపోదు.

తరవాత పది గంటలకి పిండి కలిపి, సమానంగా రెండు గాజు గిన్నెల్లో పెట్టాను. ఒకదాని మీద నా భార్య చేతే దర్భ వేయించాను. రెండోదాని మీద ఏమీ లేదు. పిండి ఎంతవరకుందో తెలిసేలా రెండింటికీ రబ్బరు బ్యాండ్లు చుట్టాను. బయట గ్రహణం పట్టింది. గంట గడిచేసరికి రెండూ ఒకే ఎత్తుకి పొంగాయి. ఈస్ట్ పిండిలోని చక్కెరలు తిని బొగ్గుపులుసు వాయువు వదులుతుంది, సాగే పిండి దాన్ని పట్టి ఉంచుతుంది. దానికి కావలసింది వెచ్చదనం, పంచాంగం కాదు.

ఇలా రెండు గిన్నెలు పక్కపక్కన పెట్టి చూసే పద్ధతి కూడా ఇటలీలో ఎప్పుడో జరిగింది. మాంసంలో పురుగులు వాటంతటవే పుడతాయని జనం నమ్ముతున్న రోజుల్లో, ఫ్రాన్చెస్కో రెడి కొన్ని పాత్రలు తెరిచి ఉంచి, కొన్నిటికి పల్చని గుడ్డ కట్టాడు. ఈగలు వాలలేని మాంసంలో పురుగులు లేవని 1668లో ప్రకటించాడు. ఆ దేశంలోనే రొట్టెని బల్ల మీద తలకిందులుగా పెడితే అరిష్టమనే వాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. మూఢనమ్మకం మన ఒక్కరి సొత్తు కాదు.

"ఒక్కసారి చూస్తే రుజువవుతుందా?" అని అడగవచ్చు. గ్రహణవేళ ఉన్న ఆహారమంతా విషమవుతుందన్నది వాళ్ళ వాదన. ఒక్క రొట్టె బాగుంటే చాలు, ఆ "అంతా" నిలవదు.

గ్రహణం ఇంకా విడవకముందే అమ్మాయి తింది. నా భార్య మాత్రం స్నానం చేసేదాకా ఏమీ ముట్టలేదు. కానీ రెండో ముక్క కోసి కూతురి పళ్ళెంలో వేసింది తనే. ఒక్క పూటకి అది తక్కువ మార్పు కాదు.

సెప్టెంబరులో మనవరాలు పుట్టింది. పెదవి చక్కగా ఉంది. అయితే దాన్ని నేను రుజువుగా చూపించను. పస్తున్న తల్లులకీ ఎక్కువమంది పిల్లలు బాగానే పుడతారు, ఆ ఫలితాన్ని పస్తు ఖాతాలో జమకట్టడమే అసలు తప్పు. మనం కూడా అదే తప్పు లెక్క రాయకూడదు.

మీ ఇళ్ళలో చూలింతలు, పసిపిల్లలు, షుగరు జబ్బున్న పెద్దవాళ్ళు ఉంటే, ఈసారి గ్రహణానికి వాళ్ళని పస్తుంచకండి. వాదన తరవాత పెట్టుకోవచ్చు. ముందు అన్నం పెట్టండి.