లీడ్స్‌లో ఉన్న లలితకి, పిల్లి విషయం

రెడింగ్,
అక్టోబరు 12

ప్రియమైన లలితా,

మొన్న ఫోన్లో నువ్వు అడిగినదానికి సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. ఒక పక్క మీ అత్తయ్యగారు "పిల్లా? ఇంట్లోకా?" అంటూనే ఉన్నారు, ఇంకో పక్క మీ పెద్దది స్పీకర్ ఆన్ చెయ్యమని గొడవ. అందుకే తీరిగ్గా ఉత్తరం రాస్తున్నాను. ఇది పిల్లలకి ఇప్పుడే చూపించకు. ముందు నువ్వూ మీ ఆయనా ఒక మాట మీదకి రండి.

"బాగా ప్రేమగా ఉండే జాతి ఏదో నువ్వే చెప్పవే, కొనేస్తాం" అన్నావు. చెప్తాను గానీ, జాతి పేరు కన్నా ముందు తేల్చుకోవలసింది ఇంకోటుంది. మీ ఇంట్లో పగలు ఎవరుంటారు? ఇప్పుడంటే అత్తయ్యగారున్నారు. ఆర్నెల్ల వీసా అయిపోయి మార్చిలో ఆవిడ రాజమండ్రి వెళ్ళిపోతే, నువ్వు స్కూలుకి, ఆయన హాస్పిటల్‌కి, పిల్లలు బడికి. ఎనిమిదింటికి తాళం పడితే మళ్ళీ నాలుగు దాటాకే తియ్యడం. మనుషులంటే పడి చచ్చే పిల్లికి అంత ఖాళీ ఇల్లు జైలే. కాబట్టి మార్చి తర్వాత ఉండే ఇంటికి తగిన పిల్లిని చూసుకో, ఇప్పటి ఇంటికి కాదు.

మా పిల్లి బెల్లాన్ని చూసి నీకూ బర్మీస్ జాతి మీద మనసయిందని నాకు తెలుసు. నువ్వు చూసింది ఒక్క సాయంత్రమే. తెల్లారి నేను కళ్ళు తెరిచేసరికి దాని ముక్కు నా ముక్కుకి ఆనించి ఉంటుంది. స్టవ్ దగ్గర నిలబడితే కాళ్ళ మధ్య, గ్రైండర్‌లో పిండి వేస్తే భుజం మీద. బాత్రూం తలుపేసుకుంటే కింద సందులోంచి ఒక గోధుమరంగు పంజా లోపలికి వచ్చి వెతుక్కుంటుంది. ఏమైనా అంటే బదులు చెప్తుంది, బొంగురు గొంతుతో, ఆఖరి మాట తనదే కావాలి. చూడ్డానికి సన్నగానే ఉంటుంది గానీ ఎత్తుకుంటే బరువు తెలుస్తుంది. పట్టుగుడ్డలో చుట్టిన ఇటుక అంటారు వీటిని పెంచేవాళ్ళు. మేమిద్దరం ఆఫీసుకి వెళ్ళే రోజుల్లో ఎదురింటావిడ ఫోన్ చేసేది, మీ ఇంట్లో ఎవరో ఏడుస్తున్నారని. ఇప్పుడు నాకు ఇంటి నుంచే పని కాబట్టి సరిపోయింది. లేకపోతే దానికి తోడు ఇంకోదాన్ని తేవలసి వచ్చేది.

ఇవి మన రంగం పిల్లులే, తెలుసా? జోసెఫ్ థాంప్సన్ అనే డాక్టరు 1930లో బర్మా నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి వాంగ్ మావ్ అనే గోధుమరంగు ఆడపిల్లిని తెచ్చుకున్నాడు. ఇది రంగు ముదిరిన సయామీ పిల్లే కదా అన్నారు అక్కడివాళ్ళు. ఆయన ఊరుకోలేదు. దాన్ని సయామీ మగపిల్లితో కలిపించి, పుట్టిన కూనల రంగులు లెక్కగట్టి, ఇదో వేరే జాతి అని తేల్చాడు. మన శ్రీకాకుళం వైపు జనం కూలిపనికి ఓడలెక్కి రంగం పోతున్న రోజులవి. యుద్ధంలో బాంబులు పడి 1942లో ఆ జనం కాలినడకన అడవులు దాటి తిరిగొచ్చారు. పిల్లి మాత్రం అంతకు పన్నెండేళ్ళ ముందే దర్జాగా అమెరికా చేరింది. సరే, అదలా ఉంచు. ఈ దేశపు బర్మీస్‌లలో షుగరు జబ్బు మిగతా పిల్లుల కన్నా ఎక్కువ. రక్తంలో పొటాషియం పడిపోయే ఒక వంశపారంపర్య జబ్బు కూడా ఉంది, దానికి డీఎన్‌ఏ పరీక్ష ఉంది. ఎప్పటికైనా బర్మీసే కావాలనుకుంటే ఆ కాగితం అడుగు.

ఇక మీ పెద్దది అడిగే చెవులు ముడిచిన పిల్లి. టేలర్ స్విఫ్ట్ దగ్గర ఉన్నది అదేనని తను చెప్పింది కదా, స్కాటిష్ ఫోల్డ్ అంటారు. దీని విషయంలో మాత్రం మొహమాటపడకు, వద్దంటే వద్దు అను. 1961లో స్కాట్లండ్‌లో ఒక పొలంలో సూజీ అనే తెల్లపిల్లి దొరికింది, చెవులు ముందుకి వాలిపోయి ఉన్నాయి. అందరికీ ముద్దొచ్చింది. చెవిలో మృదులాస్థి గట్టిగా నిలబడకపోవడం వల్లే ఆ ముడత. ఆ లోపం చెవితో ఆగదు, ఒళ్ళంతా కీళ్ళలోనూ ఉంటుంది. తోక బిగుసుకుపోతుంది, కాళ్ళు నొప్పెడతాయి, గెంతడం మానేస్తుంది. "ఎంత బుద్ధిగా కూర్చుందో" అని జనం వీడియోలు తీసేది చాలాసార్లు ఆ నొప్పినే. 1910 నుంచి ఇక్కడ పిల్లుల జాతులు నమోదు చేస్తున్న సంస్థ, జీసీసీఎఫ్ అంటారు, అది తమ గడ్డ మీద పుట్టిన ఈ జాతినే నమోదు చెయ్యదు. ఇంతకన్నా ఏం కావాలి?

పర్షియన్ మీదా నాకు దాదాపు అదే అభిప్రాయం. నెమ్మది పిల్లే, కాదనను. కానీ ముక్కు లోపలికి నొక్కేసినట్టుండే రకం ఊపిరికి అవస్థ పడుతుంది, కళ్ళు కారుతూనే ఉంటాయి. మూత్రపిండాల్లో నీటితిత్తులు పెరిగే జబ్బు ఒకప్పుడు మూడో వంతుకు పైగా పర్షియన్లలో కనపడేది. పరీక్ష వచ్చాక తగ్గింది. పైగా రోజూ దువ్వాలి. మీ ఇంట్లో పిల్లల జడలకే పొద్దున్న టైం చాలదు.

బ్రిటిష్ షార్ట్‌హెయిర్ గురించి మీ ఆయన అడిగారు. గుండ్రటి మొహం, బూడిదరంగు, బొమ్మలా ఉంటుంది. చూస్తే ఒళ్ళో వేసుకోవాలనిపిస్తుంది గానీ దానికి ఆ సరదా తక్కువ. హెల్సింకి యూనివర్సిటీ వాళ్ళు 5,700కు పైగా పిల్లుల గురించి యజమానుల్ని అడిగి, 2019లో లెక్కలు వేశారు. మనుషులకి ఎడంగా ఉండే గుణం బ్రిటిష్ షార్ట్‌హెయిర్‌లో అన్నిటికన్నా ఎక్కువ, కోరాట్, డెవన్ రెక్స్ జాతుల్లో తక్కువ అని తేలింది. ఈ గుణాలన్నీ సుమారు సగం వంశం నుంచే వస్తాయని కూడా చెప్పారు. అంటే జాతి చూసుకోవడం వెర్రితనమేం కాదు. కానీ మిగతా సగం ఎక్కడి నుంచి వస్తుందో ఎవరూ అడగరు, నా బాధ అదీ.

ఆ మిగతా సగంలో పెద్ద వాటా కూన పెరిగిన గదిది. రెండో వారం నుంచి ఏడో వారం దాకా పిల్లికూన ఎన్ని చేతులు తాకితే, ఎన్ని చప్పుళ్ళు వింటే, అంత ధైర్యంగా మనుషుల్లో కలుస్తుంది. ఆ వయసు దాటాక మనం ఎంత గారాబం చేసినా ఆ లోటు పూర్తిగా తీరదు. కాబట్టి బ్రీడర్ ఇంటికి వెళ్ళినప్పుడు కూనల్ని కాదు, ముందు ఇంటిని చూడు. బెల్లం పుట్టిన ఇంట్లో పిల్లుల బుట్ట వంటగదిలోనే ఉంది. పక్కనే వాషింగ్ మెషిన్ తిరుగుతోంది, ఇద్దరు పిల్లలు ఫుట్‌బాల్ గురించి కొట్టుకుంటున్నారు, తల్లిపిల్లి మాత్రం చెవి కూడా కదపకుండా పాలిస్తోంది. చెయ్యి చాపితే తనే లేచొచ్చి తల రుద్దింది. అది చూశాక కాగితాలు చూడాలనిపించలేదు, అయినా చూశామనుకో. అదే తోటలో షెడ్డు కట్టి కూనల్ని అందులో పెంచేవాళ్ళ దగ్గర ఎంత గొప్ప వంశావళి ఉన్నా కొనకు. తండ్రి గురించి కూడా అడుగు. కేంబ్రిడ్జ్‌లో శాండ్రా మెక్యూన్ అనే ఆవిడ చూపించింది, మంచి స్వభావం ఉన్న తండ్రికి పుట్టిన కూనలు ఆయనగార్ని ఒక్కసారి కూడా చూడకపోయినా మిగతావాటి కన్నా ధైర్యంగా ఉంటాయట. మన పెళ్ళిసంబంధాల్లో అటు మూడు తరాలు అడిగేవాళ్ళు కదా, ఇక్కడ నిజంగానే పనికొస్తుంది.

నాకు తోచినంతలో మీ ఇంటికి రెండే రకాలు పొసగుతాయి, రాగ్‌డాల్, బిర్మన్. రెండిటికీ నీలికళ్ళు, పొడుగు బొచ్చు, లేత ఒళ్ళు, చెవులూ మొహమూ తోకా ముదురు రంగు. రాగ్‌డాల్ కాలిఫోర్నియా పిల్ల. 1960ల్లో రివర్‌సైడ్‌లో ఆన్ బేకర్ అనే ఆవిడ జోసఫీన్ అనే తెల్లపిల్లి సంతానం నుంచి తయారుచేసింది. ఎత్తుకుంటే ఒళ్ళు వదిలేసి చేతుల్లో వాలిపోతుందని ఆ పేరు. ఆవిడ ఇంకో అడుగు ముందుకేసి, జోసఫీన్‌కి కారు గుద్దాక పుట్టిన కూనలకి నొప్పే తెలియదని ప్రచారం చేసింది. శుద్ధ అబద్ధం. నొప్పి అన్ని పిల్లులకీ ఒకటే, ఇది గోళ్ళు తియ్యకుండా ఓర్చుకుంటుంది, అంతే. ఆ ఓర్పే నాకు భయం. మీ చంటాడు ప్రేమొస్తే నడుం పట్టుకుని ఈడ్చుకెళ్ళే రకం. పైగా మగ రాగ్‌డాల్ ఏడెనిమిది కిలోలు తూగుతుంది, వాడు ఎత్తలేక పడేస్తాడు. గుండె కండరం మందమయ్యే జబ్బుకి ఈ జాతిలో జన్యుపరీక్ష ఉంది, తల్లిదండ్రులిద్దరికీ చేయించారో లేదో చూడాలి.

బిర్మన్ కొంచెం చిన్నది, నాలుగు పాదాలూ తెల్లటి మేజోళ్ళు తొడిగినట్టుంటాయి. బర్మీస్‌లా వెంటపడదు, అలాగని దూరంగా పోయి కూర్చోదు. నువ్వున్న గదిలోకే వచ్చి, పిలిస్తే ఒళ్ళోకి ఎక్కుతుంది, పిలవకపోతే పక్కన పడుకుంటుంది. బొచ్చు పొడుగే గానీ పట్టులా జారుతుంది, వారానికి రెండుసార్లు దువ్వితే చాలు. అత్తయ్యగారికి దీని కథ చెప్పు. బర్మా కొండల్లో నీలికళ్ళ బంగారు దేవత గుడి, దొంగలు పడి పూజారిని చంపితే ఆయన పిల్లి వచ్చి ఆయన మీద పాదాలు ఆనించిందట. దాని కళ్ళు దేవత కళ్ళలా నీలమైపోయాయి, స్వామిని తాకిన పాదాలు తెల్లగా మిగిలాయి. ఇది ఫ్రాన్స్‌లో ఎవరో అల్లిన కథేనని నా అనుమానం. ఆ జాతిని 1925లో మొదట గుర్తించింది ఫ్రెంచివాళ్ళే. కానీ గుడిపిల్లి అంటే ఆవిడ పట్టు కాస్త సడలుతుందేమో చూడు.

అసలు చిక్కు ఆవిడ శకునాల్లో లేదులే, మీ వంటింట్లో ఉంది. మీది శాకాహారం ఇల్లు. మన ఊళ్ళో పిల్లులు పెరుగన్నం తిని బతికాయని అత్తయ్యగారు అన్నారు కదా. పెరుగన్నం పెట్టింది మనమే, ఎలకల్ని పట్టుకున్నది అవి. పిల్లి పూర్తిగా మాంసాహారి. టారీన్ అనే పోషకం తనంతట తగినంత తయారుచేసుకోలేదు, అది తిండిలో లేకపోతే చూపు పోతుంది, గుండె సాగిపోతుంది. కాబట్టి కోడి, చేప డబ్బాలు మీ ఇంట్లోకి రావాలి. దానికి వేరే గిన్నె, వేరే చెంచా, బాల్కనీ తలుపు పక్కన వేరే చోటు పెట్టుకో. ఇది ఆవిడ ఒప్పుకోకపోతే పిల్లి మాట మర్చిపో, పెసరట్టు పెట్టి పెంచుదామని మాత్రం అనుకోకు. ఉల్లి, వెల్లుల్లి పడిన కూరలు దానికి విషం. పూజకని సూపర్‌మార్కెట్లో కొనే పూలగుత్తుల్లో లిల్లీ ఉంటే ఆ గుత్తి ఇంటికే తేవద్దు. ఆ పుప్పొడి ఒంటి మీద పడి నాక్కున్నా కిడ్నీలు పోతాయి. జ్వరంగా ఉంది కదాని ఎవరూ పారాసిటమాల్ ముక్క వెయ్యకూడదు, పిల్లికి అది ప్రాణాంతకం.

మీ ఆయన తుమ్ముల సంగతి కూడా ముందే తేల్చుకోండి. పడనిది బొచ్చు కాదు, పిల్లి లాలాజలంలోని ప్రోటీను. అది నాక్కున్నప్పుడల్లా ఒళ్ళంతా అంటుకుంటుంది. ఎలర్జీ రాని జాతి అని ఎవరైనా అమ్మజూపితే నమ్మకు. బ్రీడర్ ఇంట్లో ఆయన్ని ఓ గంట కూర్చోబెట్టు, తెలిసిపోతుంది.

ఇప్పుడు నా తీర్పు విను. కూనని కొనకు. పెద్ద బిర్మన్‌ని చూడు. బ్రీడర్లు ఈతలు ఆపేసిన ఆడపిల్లులకి ఆపరేషన్ చేయించి, నాలుగైదేళ్ళ వయసులో మంచి ఇల్లు వెతికి ఇచ్చేస్తారు. కూన ఖరీదు ఉండదు, పరదాలు ఎక్కే వయసు దాటిపోయి ఉంటుంది. అన్నిటికన్నా ముఖ్యం, దాని స్వభావం ఎవరూ ఊహించక్కర్లేదు, కళ్ళకి కనపడుతూనే ఉంటుంది. పగలు పడుకుని, మీరొచ్చే వేళకి లేస్తుంది. బిర్మన్ క్లబ్బులకి ఒక మెయిల్ పెడితే ఎవరి దగ్గరుందో చెప్తారు. జాతి పట్టింపు లేకపోతే క్యాట్స్ ప్రొటెక్షన్ అనే సంస్థ వాళ్ళ దగ్గరా మంచి పిల్లులున్నాయి.

పిల్లలు ఏడ్చి కూనే కావాలంటే మాత్రం ఇవి గుర్తుపెట్టుకో. పదమూడు వారాలు నిండకుండా, రెండు టీకాలు పడకుండా తేవద్దు. తల్లి పక్కన ఉండగా చూపించనివాళ్ళ దగ్గర, కార్ పార్కులో తెచ్చి ఇస్తామనేవాళ్ళ దగ్గర కొనొద్దు. 2020 నుంచి ఇంగ్లండ్‌లో ఆర్నెల్ల లోపు కూనల్ని దళారులు అమ్మడం చట్టవిరుద్ధం. 2024 జూన్ నుంచి మైక్రోచిప్ కూడా తప్పనిసరి, ఇరవై వారాల లోపు వేయించాలి.

వెళ్ళేరోజు ముందు నాకు ఫోన్ చెయ్యి, వీలైతే రైలెక్కి వచ్చేస్తాను. వాళ్ళు బయానా అడిగినా అక్కడికక్కడ ఇవ్వకు. ఇంటికొచ్చి రెండ్రోజులు ఆగు. మూడోరోజు అత్తయ్యగారే "దాన్ని ఎప్పుడు తెస్తారే" అని అడిగితే, అప్పుడు ఇవ్వు.

నీ
సుభద్ర