నల్లరేగడి నేలపై నాలుగు చక్రాల లెక్క

కామారెడ్డి జిల్లాకు పడమటి అంచున ఉన్న మండలం జుక్కల్. ఒక వైపు మహారాష్ట్రలోని దెగ్లూర్, మరొక వైపు కర్ణాటకలోని ఔరాద్ ప్రాంతం. ఇక్కడి సంతలో ఒకే బేరం తెలుగులో మొదలై, మరాఠీలో సాగి, ఉర్దూలో ముగియడం మేము చెవులారా విన్నాము. 2016 అక్టోబరు 11న కామారెడ్డి జిల్లా ఏర్పడే వరకు ఇది నిజామాబాద్ జిల్లాలో భాగం. పార్లమెంటు ఎన్నికలకు మాత్రం జహీరాబాద్ నియోజకవర్గంలో చేరుతుంది.

గడచిన వానాకాలం చివర బంధువుల ఇంటికి వెళ్లవలసిన పని పడి, మేము బాన్సువాడ నుండి బిచ్కుంద మీదుగా జుక్కల్ చేరుకున్నాము. దారిలో మంజీర కనిపిస్తుంది. ఎగువన అదే నదిపై నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ పర్యవేక్షణలో 1923 నుండి 1931 వరకు కట్టిన నిజాంసాగర్ ఆనకట్ట ఉంది. నది దాటిన తరువాత నేల రంగు మారుతుంది. ఎటు చూసినా నల్లరేగడి. సోయాబీన్, పత్తి, కంది, మినుము, పెసర ఇక్కడి పంటలు. ఎండాకాలంలో ఈ నేల చేయి దూరేంత నెర్రెలు విచ్చుతుంది. వాన పడితే నీరు పీల్చి ఉబ్బి, బంకమట్టియై చెప్పును, చక్రాన్ని, ఎద్దు గిట్టను ఒకే తీరుగా పట్టుకుంటుంది. తారురోడ్డు నుండి చేనికి ఉన్న ఆ కొద్దిపాటి మట్టిబాటే ఇక్కడి రైతుకు అన్నిటికన్నా దూరమైన ప్రయాణం.

మేము దిగిన ఇంటి యువకుడు ఈ కారణం చేతనే నాలుగు చక్రాలకూ శక్తి అందే పికప్ బండిని కొన్నాడు. పాత బండి, అప్పు చేసి కొన్నది. చేలలోని సోయా బస్తాలను మద్నూర్ వైపో, దెగ్లూర్ వైపో చేర్చి కిరాయి తీసుకుంటాడు. భార్య, ఇద్దరు పిల్లలు, వృద్ధురాలైన తల్లి ఆ బండి సంపాదన మీదనే ఆధారపడి ఉన్నారు. రాత్రి భోజనాల వద్ద అతడు మాతో ఇలా అన్నాడు: "మౌల్వీ సాబ్, కిరాయిలు బాగానే దొరుకుతున్నాయి. కానీ డబ్బు ఇంటికి రావడం లేదు. అంతా డీజిల్ తాగేస్తోంది. అమ్మినవాడు లీటరుకు 13 కిలోమీటర్లు వస్తుందన్నాడు. ఇప్పుడు బండిని అమ్మేద్దామంటే అప్పు తీరదు."

"నీకు ఎంత వస్తోంది బేటా?" అని మేము అడిగితే అతడు చెప్పలేకపోయాడు. కొలిచిన లెక్క లేదు. మైలేజీ కొలవడం కష్టమైన పని కాదు. ట్యాంకును మూతి వరకు నింపి మీటరులోని అంకెను రాసుకోవాలి. యథావిధిగా తిరగాలి. మళ్లీ అదే బంకులో మూతి వరకు నింపి, తిరిగిన కిలోమీటర్లను పోసిన లీటర్లతో భాగించాలి. ఒక్క ట్యాంకు లెక్కను నమ్మరాదు. రెండు మూడు ట్యాంకుల సగటు తీయాలి. అతని భార్య బంకు రసీదులను పారవేయకుండా ఒక డబ్బాలో దాచి ఉంచింది. ఆ రసీదులు, సర్వీసు పుస్తకంలోని అంకెలు దగ్గర పెట్టుకుని లెక్కిస్తే లీటరుకు 9 కిలోమీటర్లని తేలింది.

మరునాడు మేము ఆ బండిలోనే కౌలాస్ కోట వైపు వెళ్లాము. కొండ మీద పాత కోట, దిగువన కౌలాస్ నాలా జలాశయం. ఈ ప్రయాణంలో రోగం కొంత బయటపడింది. వానలు మొదలైనప్పుడు నాలుగు చక్రాల మీట వేసిన అబ్బాయి, దానిని తారురోడ్డు మీద కూడా తీయడం లేదు. "నాలుగూ లాగితే పట్టు బాగుంటుంది కదా" అన్నది అతని ఆలోచన.

ఈ విషయం వివరంగా తెలుసుకోవలసినది. బండి మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు వెనుక చక్రాల కంటే ఎక్కువ దూరం నడుస్తాయి. మీట వేసినప్పుడు ఈ తరహా బండ్లలో ముందు ఇరుసు, వెనుక ఇరుసు ఒకే వేగానికి కట్టుబడతాయి. బురదలో చక్రం కొద్దిగా జారి ఆ తేడాను సర్దుకుంటుంది. ఎండిన తారుపై జారే వీలు లేదు. అప్పుడు టైర్లు అరుగుతాయి, గేర్లు బిగుసుకుంటాయి, ఇంజను వ్యర్థంగా పెనుగులాడుతుంది. ఆ పెనుగులాటకు వెల డీజిల్. కొన్ని ఖరీదైన బండ్లలో ఈ తేడాను సర్దే గేరు మధ్యలో ఉంటుంది. సామాన్యమైన పికప్పులలో ఉండదు. మీట తీసినా ముందు ఇరుసు, శక్తిని పంచే గేరుపెట్టె బరువును బండి మోయక తప్పదు. కాబట్టి ఇటువంటి బండి, రెండు చక్రాల శక్తితో నడిచే అదే తరహా బండి కంటే కొంత ఎక్కువ తాగడం సహజం.

అలాగని ఈ మీట అక్కరలేనిదని కాదు. రేగడి బురదలో వెనుక చక్రాలు ఒక్క చోటనే గిర్రున తిరుగుతుంటే డీజిల్ ఖర్చవుతుంది కానీ బండి అడుగు కదలదు. పైగా లాగించడానికి ట్రాక్టరును పిలిస్తే ఆ రోజు కిరాయి అక్కడికే సరి. చేనిలో మీట వేయడం పొదుపు. తారు ఎక్కగానే తీయడం కూడా పొదుపే.

మిగిలిన లోపాలు చిన్నవే. టైర్లలో గాలి తగ్గి ఉంది. ఖాళీగా తిరిగేటప్పుడు కూడా వెనుక ఇనుప కడ్డీలు, తడిసిన టార్పాలిన్ మోస్తున్నాడు. బస్తాలు ఎక్కించేంత సేపు ఇంజను నడుస్తూనే ఉంటుంది. సంగారెడ్డి నుండి నాందేడ్ వైపు పోయే 161వ జాతీయ రహదారి ఎక్కితే వేగం 80 దాటుతుంది. గాలి అడ్డగింపు వేగపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది: వేగం రెట్టింపైతే అడ్డగింపు నాలుగింతలు. ఎత్తుగా బస్తాలు పేర్చిన పికప్‌కు ఇది మరింత భారం.

సరిహద్దు కాబట్టి ఇంకొక ప్రలోభం కూడా ఉంది. తెలంగాణలో డీజిల్‌పై విలువ ఆధారిత పన్ను 27 శాతం. కర్ణాటకలో అంతకంటే తక్కువ. అందుచేత హద్దు దాటితే డీజిల్ చౌక. లీటరుకు 5 రూపాయల తేడా అనుకుంటే 40 లీటర్లకు 200 రూపాయలు మిగులుతాయి. కేవలం దీనికోసమే రానుపోను 25 కిలోమీటర్లు తిరిగితే, లీటరుకు 10 చొప్పున రెండున్నర లీటర్లు పోతాయి. 95 రూపాయల లెక్కన సుమారు 237 రూపాయలు. సరుకు దించడానికి ఎలాగూ అటు వెళ్లినప్పుడు నింపుకుంటే లాభం; పనిగట్టుకుని వెళితే నష్టం.

మేము మరికొన్ని రోజులు అక్కడే ఉన్నాము. మీట తారుపై తీసివేయబడింది. టైర్లకు సరైన గాలి పట్టించాడు. వేగం 55 దాటనీయలేదు. తరువాతి ట్యాంకు 330 కిలోమీటర్లకు 30 లీటర్లు తీసుకుంది; అనగా లీటరుకు 11. అమ్మినవాడు చెప్పిన 13 రాలేదు; బరువుతో, మట్టిబాటలతో అది వస్తుందని మేము ఆశించనూ లేదు. కానీ నెలకు 3,000 కిలోమీటర్లు తిరిగే బండికి 9 నుండి 11కు పెరగడం అంటే సుమారు 60 లీటర్లు మిగలడం. రూపాయలలో 5,700. ఆ ఇంటి నెలసరి కిస్తులో అది దాదాపు సగం.

నిండుగా పారే ఏటి ఒడ్డున వుజూ చేసేటప్పుడు కూడా నీటిని వృథా చేయరాదన్నది మనకు అందిన బోధన. మన దేశం వాడే ముడి చమురులో 85 శాతానికి మించి విదేశాల నుండి వస్తోంది; పారే ఏరు విషయంలోనే అంత జాగ్రత్త చెప్పినప్పుడు, కొని తెచ్చుకునే ఇంధనం సంగతి వేరుగా చెప్పనక్కరలేదు.

పాఠక సోదర సోదరీమణులకు మా మనవి ఒక్కటే. ఇంట్లో బండి బతుకుతెరువైతే దాని లెక్క ఇంట్లో ఉండాలి. నడిపేవారు అలసి వస్తారు. రాసే పని ఇంట్లోనివారు తీసుకోవచ్చు. తారీఖు, మీటరు అంకె, లీటర్లు, రూపాయలు: నాలుగు గడులు చాలు. ఈ లెక్క బండి బాగా నడిచిన రోజును, జబ్బు పడబోయే రోజును కూడా ముందే చెబుతుంది. జుక్కల్‌లోని ఆ ఇంట్లో ఇప్పుడు ఆ పుస్తకాన్ని అతని భార్య రాస్తోంది. బండిని అమ్మే మాట ఆ ఇంట్లో ఇక రావడం లేదని ఈ మధ్య ఫోన్‌లో తెలిసింది.